నార్వే, స్వీడన్‌లలో మీ వారి పూర్వీకుల ఊళ్ళు చూడాలంటే: ముందు కమతం పేరు, తర్వాతే కారు

మీరు అడిగింది ఇదీ. మీరిద్దరూ మినియాపొలిస్‌లో ఉంటారు. మీ వారి తాతకి తాత ఓలే లార్సన్ 1880లలో నార్వేలోని సోగ్న్ ప్రాంతం నుంచి వచ్చారు, అమెరికాలో వాళ్ళ ఇంటిపేరు క్వేల్ అయింది. నానమ్మ వైపు వాళ్ళు స్వీడన్‌లోని స్మోలాండ్ నుంచి వచ్చారు, ఇంటిపేరు రాస్క్. 12 రోజుల సెలవు ఉంది, కారు తీసుకుని రెండు చోట్లా తిరగాలి, దారిలో ఫ్యోర్డులు (కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలు) చూడాలి. మీది ఇండియా పాస్‌పోర్టు. ఎలా ప్లాన్ చేసుకోవాలి అని.

నేరుగా చెప్పాలంటే 12 రోజులు సరిపోతాయి. రెండు చోట్లూ చూడొచ్చు. కానీ మీరు పంపిన ప్లాన్ తలకిందులుగా ఉంది. హోటళ్ళు, దారి, ఫెర్రీలు అన్నీ రాసుకుని, చివర్లో "సోగ్న్‌లో పూర్వీకుల ఊరు వెతకాలి" అని ఒక రోజు వదిలారు. అక్కడికి వెళ్ళాక వెతికితే దొరకదు. ఏ కమతమో ఇంట్లో కూర్చునే తేల్చుకోవాలి, ప్రయాణమంతా దాని చుట్టూ అల్లుకోవాలి. ఈ వెతుకులాటకి మూడు నెలలు పెట్టుకోండి. లోఫోటెన్ దీవులు, ట్రోల్‌స్టీగెన్ కొండదారి ఈసారికి వదిలేయండి. బెర్గెన్ నగరం కూడా వద్దనే నా మాట.

ముందు మీ వీసా సంగతి. మీ వారిది అమెరికా పాస్‌పోర్టు కాబట్టి ఆయనకి వీసా అక్కర్లేదు. గ్రీన్ కార్డు ఉన్నా సరే, ఇండియా పాస్‌పోర్టుకి షెంగెన్ వీసా (యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఒకే వీసా) తప్పనిసరి. చాలామంది ఇక్కడే పొరబడతారు. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు పెట్టాలి. నేను కింద రాసిన లెక్కలో నార్వే 8 రాత్రులు, స్వీడన్ 3, కాబట్టి నార్వేకి పెట్టండి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు, 15 రోజుల కంటే దగ్గరపడితే కుదరదు. వేసవి రద్దీకి అపాయింట్‌మెంట్లు నిండిపోతాయి, కాబట్టి మూడు నెలల ముందే పెట్టేయండి. కనీసం 30,000 యూరోల వైద్య బీమా కాగితం కావాలి. తిరుగు ప్రయాణం తేదీ తర్వాత ఇంకో మూడు నెలలు పాస్‌పోర్టుకి గడువుండాలి. మీరు హెచ్1బి మీద ఉంటే ఇంకో మాట: పాస్‌పోర్టులో స్టాంపు గడువు అయిపోయి ఉంటే యూరప్ నుంచి తిరిగి రావడానికి కొత్త స్టాంపు పడాలి. అది చూసుకోకుండా టికెట్ కొనకండి.

ఇక అసలు పని.

ఓలే లార్సన్ అంటే "లార్స్ కొడుకు ఓలే" అని మాత్రమే. అది ఇంటిపేరు కాదు. ఆయన కొడుకు పేరు పక్కన ఓల్సన్ అని వస్తుంది, కూతురికి ఓల్స్‌దత్తర్ అని. సోగ్న్‌లో ఆ కాలంలో ఓలే లార్సన్‌లు కుప్పలు తెప్పలు. మనిషిని గుర్తుపట్టేది మూడో ముక్కతో, అంటే కమతం పేరుతో. మన ఇంటిపేర్లలో చాలావరకు ఊరి పేర్లే కదా, అలాంటిదే అనుకోవచ్చు. ఒక పెద్ద తేడా ఉంది: మన ఇంటిపేరు ఊరు మారినా వెంట వస్తుంది, వాళ్ళది ఇల్లు మారితే మారిపోతుంది. అక్కడ అది పేరు కంటే చిరునామాకి దగ్గర. భార్య వైపు కమతానికి ఇల్లరికం వెళ్తే అల్లుడు ఆ కమతం పేరే పెట్టుకుంటాడు. అందుకే ఒకే మనిషి బాప్తిస్మం పుస్తకంలో ఒక పేరుతో, పెళ్ళి పుస్తకంలో ఇంకో పేరుతో కనపడితే కంగారు పడకండి. కుటుంబానికంతా ఒకే స్థిరమైన ఇంటిపేరు ఉండాలని నార్వేలో చట్టం వచ్చింది 1923లోనే.

మీ "క్వేల్" మంచి ఆధారం. అది దాదాపుగా "క్వోలె" అనే కమతం పేరుకి అమెరికా రూపం. ఆ పేరుతో నార్వేలో చాలా చోట్ల కమతాలున్నాయి, సోగ్న్ ప్రాంతంలోని సోగ్న్‌డాల్‌లోనూ ఒకటుంది. కానీ పేరు కలిసింది కదా అని సోగ్న్‌డాల్‌కి గది బుక్ చేసేయకండి. పేరు కాదు, పుట్టిన తేదీ కలవాలి. తేదీ, తండ్రి పేరు, కమతం పేరు మూడూ కలిస్తేనే మీ మనిషి. రెండే కలిస్తే ఇంకా వెతకాలి.

ఆ తేదీ దొరికేది అమెరికాలోనే. మిన్నెసోటాలో వాళ్ళు మొదట చేరిన లూథరన్ చర్చి రిజిస్టరు చూడండి. పాస్టర్లు నార్వే వాళ్ళే కావడంతో, పుట్టిన తేదీతో పాటు ఏ పారిష్ (ఒక చర్చి కింద ఉండే ప్రాంతం) నుంచి వచ్చారో కూడా తరచుగా రాశారు. అమెరికా జనగణనలో "నార్వే" అని మాత్రమే ఉంటుంది, దానివల్ల లాభం లేదు. మరణ వార్త వేసిన పాత పత్రిక, కుటుంబ బైబిల్ మొదటి పేజీ, సమాధి రాయి, ఈ మూడూ కూడా చూడాలి. విస్కాన్సిన్‌లోని మాడిసన్‌లో నార్వేజియన్ అమెరికన్ వంశావళి కేంద్రం ఉంది. మీకు కారులో ఒక రోజు ప్రయాణం, మాన్యువల్‌గా వెతికే ఓపిక లేకపోతే వాళ్ళకి అప్పగించవచ్చు.

తేదీ చేతికొచ్చాక నార్వే జాతీయ ఆర్కైవ్స్ వాళ్ళ డిజిటాల్‌ఆర్కీవె సైటుకి వెళ్ళండి. పైసా ఖర్చు లేదు. 1865, 1875, 1900, 1910 జనగణనలు పేరుతో వెతకడానికి వీలుగా ఉన్నాయి, చర్చి పుస్తకాలు స్కాన్ చేసి పెట్టారు. 1880లలో వెళ్ళిన మనిషి 1875 జనగణనలో పిల్లాడిగానో కుర్రాడిగానో కనపడాలి. బెర్గెన్ ఓడరేవు వలసదారుల జాబితాలు 1874 నుంచి ఉన్నాయి, సోగ్న్ వాళ్ళు చాలామంది ఆ రేవు నుంచే ఓడ ఎక్కారు.

వెతికేటప్పుడు చేయి తిరగని వాళ్ళు పదే పదే ఇరుక్కునే చోట్లు కొన్ని చెప్తాను. నార్వే అక్షరమాలలో చివర మూడు అక్షరాలు అదనంగా ఉంటాయి. వాటిలో "ఓ" అని పలికే, నెత్తిన సున్నా ఉన్న "ఎ" అక్షరాన్ని పాత పుస్తకాల్లో రెండు "ఎ"లుగా రాశారు, కాబట్టి రెండు రకాలుగానూ వెతకాలి. నెలల దగ్గర 7 అంకె వేసి పక్కన "బ్రిస్" అని ఉంటే అది జూలై కాదు, సెప్టెంబరు. 8 అక్టోబరు, 9 నవంబరు, 10 డిసెంబరు. లాటిన్‌లో సెప్టెమ్ అంటే ఏడు, అదీ లెక్క. పాత పేజీల్లో తేదీ బదులు "ట్రినిటీ తర్వాత మూడో ఆదివారం" అన్నట్టు పండగ లెక్కలో ఉంటుంది. ఈస్టర్ ఏటేటా మారుతుంది కాబట్టి ఆ ఏడాది క్యాలెండర్ పెట్టుకుని తేదీ కట్టాలి.

చర్చి పుస్తకంలో చివరి వైపు "వెళ్ళిపోయినవారు" అనే పట్టిక ఉంటుంది, దాన్ని వదలకండి. వరుస నంబరు, పేరు, వృత్తి, వయసు, తేదీ, ఎక్కడికి. ఆ ఆఖరి గడిలో "అమెరికా" అని ఒక్క మాట, దాని కింద వరుసగా అదే మాటకి గుర్తుగా రెండు చిన్న గీతలు, పేజీ కిందిదాకా. ఒక్క వసంతంలో ఒక పల్లె ఎంత ఖాళీ అయిందో ఆ గీతలే చెప్తాయి. మీ వారికి ఆ పేజీ ప్రింటు తీసివ్వండి. ఫ్యోర్డు ఒడ్డున నిలబడినప్పుడు చేతిలో ఉండాల్సిన కాగితం అదే.

మీ వాళ్ళు కమతం యజమానులా, పాలేర్లా? ఇది తేలకుండా వెళ్తే తప్పు ఇంటి ముందు ఫొటో దిగి వస్తారు. పెద్ద కొడుక్కే కమతం దక్కే ఆచారం అక్కడ బలంగా ఉండేది. మిగతావాళ్ళు ఇల్లరికం వెళ్ళాలి, లేదా హుస్మన్ కావాలి, లేదా ఓడ ఎక్కాలి. హుస్మన్ అంటే ఎవరిదో కమతంలో ఓ మూల చిన్న ఇల్లు, కాస్త నేల తీసుకుని, బదులుగా యజమానికి పని చేసిపెట్టే పాలేరు కుటుంబం. చర్చి పుస్తకంలో కమతం పేరు చివర "ఎయె" లేదా "ఎయెట్" అని తగిలిస్తే పాలేరు నేల అని అర్థం. అంటే "క్వోలె" వేరు, "క్వోలె-ఎయె" వేరు. వలస వెళ్ళినవాళ్ళలో ఈ కుటుంబాలు చాలా ఎక్కువ. మీదీ అదే అయితే, ఇప్పుడు క్వోలెలో ఉన్న రైతు మీకు చుట్టం కాకపోవచ్చు, మీ వాళ్ళ చేత పని చేయించుకున్న ఇంటి వారసుడు కావచ్చు. దాంట్లో చిన్నతనమేమీ లేదు, కానీ తెలిసి వెళ్ళడం మర్యాద.

కమతం తేలాక రెండు నంబర్లు పట్టుకోవాలి: కమతం నంబరు, దాని లోపలి భాగం నంబరు. మన సర్వే నంబరు, సబ్ డివిజన్ లాంటివే. 1886 నాటి భూమి రిజిస్టరు నుంచి వరస చాలావరకు అదే క్రమంలో నడుస్తోంది, పురపాలికలు కలిసినప్పుడు మాత్రం నంబర్లు మారి ఉండొచ్చు. నార్వే మ్యాపుల శాఖ వాళ్ళ ఉచిత సైటులో ఆ నంబరు కొడితే సరిహద్దులతో సహా కనపడుతుంది. యజమాని పేరు అందులో రాదు, దానికి స్థానిక పురపాలికకి ఈమెయిల్ పెట్టాలి. పాలన సరిహద్దులు మారిపోయాయని గుర్తుపెట్టుకోండి: సోగ్న్ ఉన్న పాత జిల్లా 2020లో వెస్ట్‌లాండ్‌లో కలిసిపోయింది, లైకాంగర్, బాలెస్ట్రాండ్ పురపాలికలు సోగ్న్‌డాల్‌లో చేరాయి. పాత కాగితంలో బాలెస్ట్రాండ్ అని ఉంటే ఈరోజు రాయాల్సింది సోగ్న్‌డాల్ పురపాలికకే.

ఆ నంబరుతో బిగ్డెబోక్ తెరవండి. ఒక్కో ప్రాంతానికి ఒక్కో పుస్తకం, కమతం తర్వాత కమతం, ఎవరు ఎప్పుడు సాగు చేశారు, ఎవరిని పెళ్ళాడారు, ఏ బిడ్డ అమెరికా వెళ్ళాడు అన్నీ వరసగా ఉంటాయి. నార్త్ డకోటా విశ్వవిద్యాలయంలో వీటి పెద్ద సేకరణ ఉంది, అది మీకు ఓస్లో కంటే దగ్గర. పుస్తకం నార్వేజియన్‌లోనే ఉంటుంది. ఫోన్‌తో పేజీ అనువాదం చేసుకుంటే సరిపోతుంది, కమతాల పేర్లని మాత్రం అది అర్థాలుగా మార్చేస్తుంది, అక్కడ చూసుకోండి.

అక్కడివాళ్ళకి ఉత్తరం. చెప్పకుండా తలుపు తట్టొద్దు. మన దగ్గర చుట్టం చెప్పకుండా వస్తే సంబరం. అక్కడ అది ఇబ్బంది పెట్టడం. ఆరేడు వారాల ముందు ఒక పేజీ ఉత్తరం చాలు, ఇంగ్లీషులోనే రాయొచ్చు. ఎవరు, పూర్వీకుడి పుట్టిన తేదీ, వెళ్ళిన ఏడాది, కమతం నంబర్లు, మీరు ఏ రెండు రోజులు ఆ దగ్గర్లో ఉంటారు, ఒక గంట చాలని. ఆస్తి గురించి, దాని విలువ గురించి ఒక్క మాటా వద్దు. వంశవృక్షం ప్రింటు, అమెరికాలో దిగిన పాత ఫొటోల నకళ్ళు జత చేయండి. అట్లాంటిక్‌కి అటు ఆ మనుషులు ఏమయ్యారో అక్కడివాళ్ళకి తెలియదు. ఆ ఫొటోలే మీరు తీసుకెళ్ళగల గొప్ప కానుక.

కమతానికి వెళ్ళినప్పుడు దారి పక్కన ఆపి లోపలికి నడిచి వెళ్ళండి. అడవిలో, కొండ మీద ఎవరైనా తిరగొచ్చనే హక్కు అక్కడ ఉంది కానీ ఇంటి ముంగిలికి, సాగులో ఉన్న గడ్డి చేలకి అది వర్తించదు. కోయని గడ్డి తొక్కితే రైతుకి నష్టం. పాలు పితికే వేళలు, అంటే పొద్దున్నే, సాయంత్రం, వద్దు. ఇంకో కిటుకు: పెద్ద ఇంటి పక్కన చిన్న ఇల్లు కనపడితే అది పిల్లలకి కమతం అప్పగించి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దవాళ్ళది. పాత సంగతులు, పాలేరు ఇళ్ళ ఆనవాళ్ళు, వేసవిలో పశువుల్ని తోలే కొండ మీది పాక, ఇవన్నీ తెలిసింది వాళ్ళకే. వాళ్ళని కలవగలమా అని అడగండి. సోగ్న్‌లో ఒక కమతమంటే నీటి ఒడ్డున పడవ పాక నుంచి, మధ్యలో చేలు, పైన కొండ మేత దాకా నిలువుగా సాగిన ఒకే పట్టీ. ఒక్క ఇల్లు చూసి వచ్చేయకండి, పైకీ కిందికీ చూపించమనండి.

సమాధుల మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు. నార్వేలో ఖననం చేసిన 20 ఏళ్ళ తర్వాత కుటుంబం అద్దె కట్టి కొనసాగించకపోతే ఆ చోటు మళ్ళీ వాడతారు. 1890ల సమాధి రాయి ఉంటే అది అదృష్టం. చర్చి కూడా అదే భవనం కాకపోవచ్చు. చర్చిలు పెద్దవిగా ఉండాలని 1851లో చట్టం రావడంతో పాత కర్ర చర్చిలు చాలా కూల్చి కొత్తవి కట్టారు. సోగ్న్‌డాల్‌లో ఇప్పుడున్న స్టేద్యె చర్చి 1867 నాటిది. మీ ఓలే అంతకు ముందు పుట్టి ఉంటే బాప్తిస్మం పొందింది ఈ గోడల మధ్య కాదు. మామూలు రోజుల్లో పల్లె చర్చిలకి తాళం వేసి ఉంటుంది, పారిష్ ఆఫీసుకి వారం ముందు రాస్తే తెరిచి చూపిస్తారు.

ఎప్పుడు వెళ్ళాలి? ఆగస్టు 15 తర్వాత రెండు వారాలు. జూలైలో నార్వే అంతా సెలవులో ఉంటుంది, పురపాలికలోనూ పారిష్ ఆఫీసులోనూ జవాబిచ్చేవాళ్ళు దొరకరు, కాటేజీలు దొరకవు. జూన్ 19-25 మధ్య వచ్చే శుక్రవారం స్వీడన్‌లో మిడ్‌సమ్మర్ పండగ, అన్నీ మూతే. ఆగస్టు చివరికి ఆఫీసులు తెరుస్తారు, కొండదారులన్నీ తెరిచే ఉంటాయి, రాత్రి తొమ్మిదిదాకా వెలుతురు ఉంటుంది.

దారి ఇలా పెట్టుకోండి. మొదటి రోజు ఓస్లోలో దిగాక కారు తీయొద్దు. రాత్రంతా విమానంలో కూర్చుని వచ్చి సొరంగాల్లో నడపడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. రెండో రోజు పొద్దున గార్దర్మూన్ విమానాశ్రయంలో కారు తీసుకుని ఇ16 రోడ్డు మీద ఫాగెర్‌నెస్ మీదుగా లేర్‌డాల్. సుమారు 300 కి.మీ., ఆగకుండా ఐదు గంటలు, ఆగుతూ ఎనిమిది. దారిలోనే బోర్గుండ్ కర్ర చర్చి, 1180 ప్రాంతంలో కట్టింది. కూలిపోకుండా మిగిలిన వాటిలో ఇంత చెక్కుచెదరనిది అరుదు, గంట ఇవ్వండి.

మూడో రోజు పొద్దున ఆకాశం చూసి నిర్ణయించుకోండి. తేటగా ఉంటే లేర్‌డాల్ నుంచి ఔర్‌లాండ్‌కి కొండ మీది పాత దారి, సుమారు 47 కి.మీ., 1,300 మీటర్ల ఎత్తుకి ఎక్కి దిగుతుంది. పైన ఆగస్టులోనూ మంచు మిగిలి ఉంటుంది. దిగేటప్పుడు స్టెగాస్టైన్ దగ్గర ఫ్యోర్డుకి 650 మీటర్ల పైన గాల్లోకి 30 మీటర్లు చొచ్చుకొచ్చిన చెక్క వేదిక. తిరిగి వచ్చేది సొరంగంలో: 24.5 కి.మీ., ప్రపంచంలోనే పొడవైన రోడ్డు సొరంగం, 2000లో తెరిచారు, టోల్ లేదు. డ్రైవరుకి మగత రాకుండా మధ్యలో మూడు చోట్ల నీలి వెలుగుతో గుహల్లా వెడల్పు చేశారు. మబ్బు పట్టి ఉంటే కొండ దారి ఎక్కొద్దు, పైన పది మీటర్లు కూడా కనపడదు, సొరంగంలోనే వెళ్ళి రండి. తర్వాత ఫోద్నెస్ నుంచి మాన్‌హెల్లర్‌కి ఫెర్రీ, పావుగంట, బుకింగ్ లేదు, వరసలో నిలబడితే చాలు. అక్కడి నుంచి సోగ్న్‌డాల్.

సోగ్న్‌డాల్ దగ్గర నాలుగు రాత్రులు, ఒకే కాటేజీలో. మీ కమతం సోగ్న్‌లో ఇంకో మూల తేలితే ఈ నాలుగు రాత్రులు అక్కడికి మార్చుకోండి, మిగతాది అలాగే ఉంచండి. ఒక రోజు కమతానికి, ఇంకో రోజు పూర్తిగా ఖాళీ. ఆ ఖాళీ రోజే ఈ ప్రయాణానికి ప్రాణం: కమతం దగ్గర ఎవరో "మా పిన్ని ఫలానా చోట ఉంది, రేపు రండి" అంటారు, లేదా రైతు గడ్డి కోస్తూ "ఇవాళ కుదరదు, రేపు" అంటాడు. రెండింటికీ చోటుండాలి. కౌపాంగర్‌లోని సోగ్న్ జానపద మ్యూజియం తప్పకుండా చూడండి, పాత ఇళ్ళని విప్పి తెచ్చి మళ్ళీ నిలబెట్టారు. మీ వాళ్ళ ఇల్లు ఆనవాలు లేకుండా పోయినా, ఎలాంటి ఇంట్లో బతికారో అక్కడ అర్థమవుతుంది. సోల్వోర్న్ నుంచి చిన్న ఫెర్రీలో ఉర్నెస్ చర్చి, అది 1979 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. ఫ్లోమ్ రైలు బాగుంటుంది కానీ జనం ఎక్కువ, కమతం పని మిగిలి ఉంటే రైలు మానేయండి.

ఏడో రోజు 55వ నంబరు రోడ్డు మీద సోగ్నెఫ్యెల్లె కొండ దాటి లోమ్ ఊరికి, 1,434 మీటర్ల దాకా ఎక్కుతుంది. ఎనిమిదో రోజు ఒట్టా, లిల్లెహామర్ మీదుగా దాదాపు 320 కి.మీ. వెనక్కి, గార్దర్మూన్‌లో కారు అప్పగించడం.

స్వీడన్‌కి అదే కారు తీసుకెళ్ళొద్దంటాను. ఒక దేశంలో తీసుకుని ఇంకో దేశంలో వదిలితే అద్దె కంపెనీలు భారీగా వసూలు చేస్తాయి. ఓస్లో నుంచి గోథెన్‌బర్గ్ మీదుగా స్మోలాండ్‌లోని వెక్‌షోకి రైలెక్కండి, ఒక రోజు ప్రయాణం. వెక్‌షోలో రెండో కారు తీసుకుని అక్కడే వదిలేసి, 12వ రోజు రైల్లో నేరుగా కోపెన్‌హేగెన్ విమానాశ్రయానికి. రానూపోనూ ఓస్లో టికెట్ కాకుండా, ఓస్లోలో దిగి కోపెన్‌హేగెన్ నుంచి ఎగిరేలా తీసుకోండి.

డ్రైవింగ్ గురించి, ఆటోమేటిక్ కావాలని బుకింగ్‌లోనే రాయండి. మ్యాప్ చూపించే సమయానికి మూడో వంతు కలుపుకోండి. పగలు కూడా హెడ్‌లైట్లు వేయాలి. గుర్తులు లేని కూడలిలో కుడివైపు నుంచి వచ్చేవాడికే దారి. ఇరుకు రోడ్ల మీద "ఎం" అని ఉన్న నీలి బోర్డు కనపడితే అది ఎదురు బండికి తప్పుకునే చోటు. దగ్గరున్నవాళ్ళే వెనక్కి రావాలి, కాబట్టి రివర్స్ సాధన చేసుకుని వెళ్ళండి. పొడవైన దిగుడులో బ్రేకు మీద కాలు పెట్టి దిగితే వేడెక్కి పట్టు వదిలేస్తుంది, తక్కువ గేరులో దిగాలి. కొన్ని సొరంగాల్లో రెండు కెమెరాల మధ్య సగటు వేగం లెక్కేస్తారు, జరిమానా వేల క్రోనర్లలో ఉంటుంది. టోల్ గేటు దగ్గర ఆగక్కర్లేదు, నంబరు ప్లేటు చదివి బిల్లు అద్దె కంపెనీ ద్వారా వస్తుంది. మద్యం పరిమితి రక్తంలో వెయ్యికి 0.2 వంతు (0.02 శాతం), అంటే ఒక్క బీరు కూడా వద్దు. మీరూ నడిపేటట్లయితే అమెరికా లైసెన్సు చాలు. ఇండియా లైసెన్సే ఉంటే అంతర్జాతీయ పర్మిట్ కూడా తీసుకోండి.

స్వీడన్ వైపు వెతుకులాట నిజానికి తేలిక. అక్కడ పాస్టర్లు ఇంటింటి పరీక్ష పుస్తకాలు నడిపారు. ఒక్కో ఇంటికి కొన్నేళ్ళకి ఒక పేజీ, ఇంట్లో ఎవరున్నారు, ఎక్కడి నుంచి వచ్చారు, ఎక్కడికి వెళ్ళారు అని పేజీ నంబరుతో సహా. ఒక పేజీ దొరికితే తీగ లాగినట్టు వెనక్కి వెళ్ళొచ్చు. స్వీడన్ జాతీయ ఆర్కైవ్స్ సైటులో ఇవి ఉచితం. గోథెన్‌బర్గ్ పోలీసుల వలస జాబితాలు 1869 నుంచి ఉన్నాయి.

రాస్క్ అన్న పేరు చూడగానే నాకు తట్టింది: అది సిపాయి పేరు. రాస్క్ అంటే చురుకైనవాడు. ఒకే దళంలో పది మంది ఆండర్సన్‌లు ఉంటే పిలవడం కష్టమని సైన్యం పొట్టి పేర్లు ఇచ్చేది, ధైర్యవంతుడు, ఉక్కు, ఇలా. కొన్ని కమతాలు కలిసి ఒక సిపాయిని పోషించేవి, అతనికి చిన్న ఇల్లు, కాస్త నేల ఇచ్చేవి. ఆ ఇంటికి నంబరు ఉండేది. సైన్యం హాజరు పట్టీల్లో ఆ నంబరు పట్టుకుంటే ఇల్లు ఎక్కడుందో తేలుతుంది. ఒక జాగ్రత్త: తర్వాతి సిపాయికి అదే పేరు ఇచ్చేవాళ్ళు, కాబట్టి ఒకే ఇంట్లో ఇద్దరు రాస్క్‌లు తండ్రీకొడుకులు కానక్కర్లేదు.

ఆ ఇళ్ళు ఇప్పుడు అడవిలో కలిసిపోయాయి. పునాది రాళ్ళు, పొయ్యి ఉన్నచోట రాళ్ళ గుట్ట, పక్కన ఎవరూ పట్టించుకోని లైలాక్ పొద, ముసలి ఆపిల్ చెట్టు. అడవిలో ఆపిల్ చెట్టు ఉందంటే అక్కడ ఒక ఇల్లుండేది. చాలా చోట్ల స్థానిక వారసత్వ సంఘాలు ఈ స్థలాలకి నంబరు బోర్డులు పాతి, జాబితాలు రాసిపెట్టాయి. పారిష్ పేరు చెప్పి వాళ్ళకి రాస్తే ఒకరు వెంట వచ్చి చూపించడం కూడా మామూలే. వెక్‌షోలో వలసదారుల మ్యూజియం ఉంది, మొదటి రోజు అక్కడికే వెళ్ళండి. అడవిలోకి మాత్రం పొడుగు ప్యాంటు, సాక్సులు పైకి లాక్కుని వెళ్ళండి. స్మోలాండ్‌లో జబ్బులు మోసే గోమార్లు ఉంటాయి, రాత్రి ఒళ్ళంతా చూసుకోవాలి.

తిండి: వంటగది ఉన్న కాటేజీలు తీసుకుంటే ఖర్చు సగం తగ్గుతుంది. నార్వేలో ఆదివారం పెద్ద కొట్లు మూసేస్తారు, శనివారమే కొనుక్కోండి. ఆవకాయ, పొడులు తీసుకెళ్ళొచ్చు. నెయ్యి, పాల వస్తువులు, మాంసం అమెరికా నుంచి తీసుకెళ్ళడానికి వీల్లేదు. కాటేజీ ధరలో దుప్పట్లు, చివరి శుభ్రత తరచుగా విడిగా ఉంటాయి, బుక్ చేసేటప్పుడే అడగండి.

ముందుగా మీ అత్తగారింట్లో అడిగి ఓలే పుట్టిన తేదీ, మొదట చేరిన చర్చి పేరు, భార్య పేరు ఇక్కడ రాయండి. చర్చి కాగితం దొరికితే, గాథిక్ రాత చదవడం రాకపోయినా పర్వాలేదు, ఫొటో తీసి పెట్టండి. కమతం పేరున్న వరస ఏదో చూసి చెప్తాను.